పేరు పిలిస్తే పలికేలా: ట్విటెక్స్ట్ ఫీడ్‌లో మెన్షన్ కబురు చేర్చడం ఎలా

పెద్ద కంపెనీల సోషల్ మీడియాలో '@' కొట్టి పేరు రాస్తే చాలు, అవతలివాళ్ళ ఫోను మోగుతుంది. రాసినవాళ్ళూ చదివేవాళ్ళూ ఒకే డేటాబేస్‌లో ఉంటారు కాబట్టి అక్కడ అది సులువు. ఎవరి ఫీడ్ (పోస్టుల వరస) వాళ్ళ సొంత సర్వర్లో ఉన్నప్పుడు ఈ వెసులుబాటు ఉండదు. మారతహళ్ళిలో ఉన్న వేణు తన ఫైల్లో 'లలితా, సంక్రాంతికి బస్సు టికెట్లు తీశావా?' అని రాస్తాడు. కేఆర్ పురంలో ఉన్న లలిత ఫైలు ఇంకో సర్వర్లో ఉంది. ఆమె వేణు ఫీడ్‌ని ఫాలో కాకపోతే ఆ లైను ఆమె కంటపడే దారే లేదు. ఈలోపు టికెట్లు అయిపోతాయి.

అందుకని రాసిన తర్వాత వేణు సర్వర్ వెళ్ళి లలిత సర్వర్ తలుపు తట్టాలి. ఆ తట్టే పద్ధతి పేరు వెబ్‌మెన్షన్. వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ 2017 జనవరి 12న దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. మామూలు వెబ్ పేజీల కోసం పుట్టిందే అయినా, ఒట్టి టెక్స్ట్ ఫైలే ఫీడ్‌గా ఉండే ట్విటెక్స్ట్‌కీ రెండు మూడు జాగ్రత్తలతో చక్కగా పనిచేస్తుంది. మీకు కావలసినవి సొంత డొమైను, హెడర్లు (ఫైలుతో పాటు సర్వర్ పంపే వివరాల లైన్లు) మార్చుకోనిచ్చే సర్వరు, కమాండ్ లైన్‌తో కాస్త చనువు. అద్దె సర్వర్లలో అన్నిటికంటే చిన్నది చాలు.

బెంగళూరులో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదే రాస్ప్‌బెర్రీ పై పెట్టి నడుపుదామనుకుంటే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఇంకొందరితో కలిసి ఒకే బయటి ఐపీ వాడుకుంటున్నట్టు. బయటివాళ్ళు తట్టినా మీ రాస్ప్‌బెర్రీ పైకి వినపడదు. అప్పుడు టన్నెల్ సర్వీసు (బయటి పిలుపుల్ని మీ ఇంటికి చేర్చేది) పెట్టుకోవాలి, లేదంటే అద్దె సర్వరే నయం. కరెంటు పోయిన వేళ కూడా అదే ఆదుకుంటుంది.

ఇంకో మాట. ఇక్కడ చిరునామాలు, సెట్టింగుల పేర్లు, కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు ఫైళ్ళలో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు మీ ఫైలు సంగతి

ట్విటెక్స్ట్ 2016లో వచ్చింది. ఇంగ్లిష్‌లో టీ-డబ్ల్యూ-టీ-ఎక్స్-టీ అని రాస్తారు. ఒక లైను ఒక పోస్టు. లైను మొదట తేదీ, సమయం. తర్వాత ఒక ట్యాబ్. తర్వాత మీ మాట. తేదీ-సమయం ఆర్‌ఎఫ్‌సీ 3339 పద్ధతిలో ఉండాలి. 2026-01-08 అని రాసి, ఖాళీ వదలకుండా పెద్ద 'టీ' అక్షరం, దానికి ఆనుకుని 21:15:00, దానికి ఆనుకుని +05:30. సెకన్లు మానేయకూడదు.

ఎక్కువమంది బోల్తాపడేది ట్యాబ్ దగ్గర. ఎడిటర్ మీకు తెలియకుండా ట్యాబ్‌ని నాలుగు ఖాళీలుగా మారుస్తుంది. ఫోను కీబోర్డుల్లో అయితే చాలావాటికి ట్యాబ్ మీటే లేదు. ట్యాబ్ లేని లైనుని క్లయింట్లు (ఫీడ్‌లు తెచ్చి చూపే ప్రోగ్రాములు) నోరెత్తకుండా వదిలేస్తాయి, తప్పు ఉందని కూడా చెప్పవు. విజువల్ స్టూడియో కోడ్‌లో 'రెండర్ వైట్‌స్పేస్' ఆన్ చేస్తే ట్యాబ్ బాణంలా, ఖాళీ చుక్కలా కనబడతాయి. మొదటిరోజే ఆన్ చేసి పెట్టుకోండి.

ఫైలు పైన '#'తో మొదలయ్యే లైన్లు వివరాల కోసం. కనీసం రెండు పెట్టండి:

# నిక్ = వేణు
# యూఆర్ఎల్ = హెచ్‌టీటీపీఎస్://వేణు.ఎగ్జాంపుల్/ట్విటెక్స్ట్.టీఎక్స్‌టీ

ఈ యూఆర్ఎల్ లైనే మీ అసలు చిరునామా. మీ ఫైలుని నాలుగు రకాలుగా తెరవగలిగినా (డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో, అది లేకుండా, ఎస్ ఉన్న హెచ్‌టీటీపీతో, ఎస్ లేకుండా) ఇతరులు మిమ్మల్ని పిలవాల్సింది ఈ ఒక్క రూపంతోనే. మిగతా మూడింటినీ దీనికి రీడైరెక్ట్ చేయండి. ఒకసారి పెట్టాక మార్చకండి. యార్న్ (ట్విటెక్స్ట్ మీద కట్టిన ఓ నెట్‌వర్క్) తరహా క్లయింట్లు ప్రతి పోస్టుకీ కట్టే హ్యాష్‌లో (గుర్తింపు కోడ్‌లో) ఈ చిరునామా కూడా ఉంటుంది. అది మారితే పాత జవాబుల దారాలన్నీ తెగిపోతాయి.

తెలుగులో రాసేవాళ్ళు సర్వర్ పంపే కంటెంట్-టైప్ హెడర్ కూడా చూసుకోవాలి. 'టెక్స్ట్/ప్లెయిన్; చార్‌సెట్=యూటీఎఫ్-8' అని పూర్తిగా ఉండాలి. చార్‌సెట్ లేకపోతే బ్రౌజర్ తనకు తోచిన ఎన్‌కోడింగ్ వాడుతుంది. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఆ మూడూ విడివిడిగా అచ్చయి, తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు (°), దాని పక్కన ఇంకేదో, ఇలా లైను పొడుగునా కనిపిస్తుంది. ఆ 'ఏ-డిగ్రీ' జంట కనిపించిందంటే ఫైలు పాడవలేదు, హెడరే తప్పు. ఎన్జినెక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం వాడుతుంటే, దాని సెట్టింగుల్లో ఆ ఫైలు లొకేషన్ బ్లాకులో 'చార్‌సెట్ యూటీఎఫ్-8;' అని పెడితే సరి.

పిలుపు రాసే తీరు

ట్విటెక్స్ట్‌లో మెన్షన్ (పిలుపు) రూపం ఇది:

@<లలిత హెచ్‌టీటీపీఎస్://లలిత.ఎగ్జాంపుల్/ట్విటెక్స్ట్.టీఎక్స్‌టీ>

ముందున్న పేరు మనుషుల కోసం. యంత్రం చూసేది చిరునామానే. పేరు తప్పు రాసినా కబురు వెళ్తుంది. చిరునామాలో చుక్క తేడా వచ్చినా వెళ్ళదు. ఈ పద్ధతిలో తెలుగువాళ్ళకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. '>' గుర్తుతో పిలుపు ముగిసిపోతుంది కాబట్టి దాని వెనకే 'కి', 'ని', 'తో', 'గారూ' ఏది అతికించినా ఇబ్బంది లేదు. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఇలా చేస్తే ఏమవుతుందో చివర్లో చూద్దాం.

చిరునామాని చేత్తో కొట్టకండి. లలిత ఫైలు తెరిచి యూఆర్ఎల్ లైను నుంచి కాపీ చేసుకోండి. అలా చేసినా రెండు మూడు కనపడని తేడాలు చొరబడతాయి.

'బెంగళూర్‌లో' అని రాసేటప్పుడు పొల్లు నిలబడడానికి కీబోర్డు 'ర్' తర్వాత ఒక కనపడని అక్షరం పెడుతుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. తెలుగు వాక్యం మధ్యలో చిరునామా అతికించి, '>'కి ముందు కీబోర్డు మార్చుకుంటే అది చిరునామా చివర అంటుకునే ప్రమాదం ఉంది. ఎంత చూసినా కంటికి దొరకదు. సర్వర్ లాగ్‌లో మాత్రం చిరునామా చివర %ఈ2%80%8సీ అని కనిపిస్తుంది. 404లు ('దొరకలేదు' అనే జవాబులు) వస్తుంటే ముందు ఆ తోక ఉందేమో చూడండి.

రెండోది బెంగళూరు బాధ. ఫోన్లో తెలుగు, కన్నడ కీబోర్డులు రెండూ ఉన్నవాళ్ళు పేరులో ఒక అక్షరం కన్నడలో కొట్టినా గుర్తుపట్టలేరు. కన్నడ 'ర' మన 'ర' లాగే ఉంటుంది. యూనికోడ్‌లో మనది 0సీ30, కన్నడది 0సీబీ0. రెండు లిపుల పట్టికలూ పక్కపక్కనే 128 గడుల దూరంలో ఉంటాయి. కంటికి ఒకటే 'రవి', యంత్రానికి ఇద్దరు మనుషులు. మూడోది 'శైలజ', 'మైథిలి' లాంటి పేర్లలో వచ్చే ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగానూ (0సీ48) నిల్వ చేయొచ్చు, ఎత్వం మీద కింది గుర్తు తగిలించి రెండుగానూ (0సీ46, 0సీ56) చేయొచ్చు. అచ్చులో తేడా ఉండదు. పేర్లని పోల్చాల్సి వస్తే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (విడి గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చాలి, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఆ పని చేస్తుంది. అందుకే వీలైనంతవరకు మీ ప్రోగ్రాం పేర్లని పోల్చకూడదు, చిరునామాల్ని పోల్చాలి. డొమైనే తెలుగులో ఉంటే ('.భారత్' కింద తీసుకున్నవి) రెండు వైపులా పునీకోడ్ (ఇంగ్లిష్ అక్షరాల) రూపానికి మార్చి పోల్చండి.

లాగ్‌లో ఊరికే దొరికే కబురు

వెబ్‌మెన్షన్ జోలికి పోకముందే ట్విటెక్స్ట్‌లో ఒక పాత ఏర్పాటుంది. క్లయింట్ మీ ఫైలు తెచ్చుకునేటప్పుడు యూజర్-ఏజెంట్ హెడర్‌లో తన యజమాని చిరునామా కూడా చెప్పొచ్చు:

ట్విటెక్స్ట్/1.2.3 (+హెచ్‌టీటీపీఎస్://వేణు.ఎగ్జాంపుల్/ట్విటెక్స్ట్.టీఎక్స్‌టీ; @వేణు)

ఎన్జినెక్స్ మామూలు యాక్సెస్ లాగ్‌లో ఇది లైను చివర ఉంటుంది. వారానికోసారి 'గ్రెప్' కమాండ్‌తో ట్విటెక్స్ట్ ఫైలు పేరు వెతికితే మిమ్మల్ని ఎవరు ఫాలో అవుతున్నారో తెలుస్తుంది. పాత లాగ్‌లు కుదించి ఉంటాయి, వాటికి 'జెడ్‌గ్రెప్' వాడాలి.

దీనికి హద్దులున్నాయి. మొదటి ట్విటెక్స్ట్ క్లయింట్‌లో 'డిస్‌క్లోజ్ ఐడెంటిటీ' సెట్టింగ్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, వాళ్ళుగా ఆన్ చేస్తేనే పేరు చెబుతుంది. యూజర్-ఏజెంట్‌లో ఎవరైనా ఏమైనా రాయొచ్చు, కాబట్టి ఆ ఫైలు తెరిచి చూశాకే నమ్మాలి. అన్నిటికీ మించి, దీంతో తెలిసేది ఫాలో అవుతున్నారని మాత్రమే, పిలిచారని కాదు. అయినా మీరూ వాళ్ళని ఫాలో అయితే వాళ్ళ పిలుపులు మీ క్లయింటే పట్టుకుంటుంది. పదిమంది గుంపుకి ఇదే సరిపోవచ్చు. కొత్తవాళ్ళు పిలిస్తే కూడా తెలియాలంటే ముందుకి చదవండి.

తలుపు ఎక్కడుందో చెప్పడం

లలితకి కబురు అందాలంటే ఆమె ఫీడ్ 'కబుర్లు ఇక్కడ ఇవ్వండి' అని చెప్పాలి. హెచ్‌టీఎంఎల్ పేజీ అయితే లింక్ ట్యాగ్‌లో చెప్పొచ్చు. టెక్స్ట్ ఫైలుకి ట్యాగులుండవు కనుక హెచ్‌టీటీపీ హెడర్ ఒక్కటే దారి:

లింక్: <హెచ్‌టీటీపీఎస్://లలిత.ఎగ్జాంపుల్/వెబ్‌మెన్షన్>; రెల్="వెబ్‌మెన్షన్"

ఎన్జినెక్స్‌లో ఆ ఫైలుకి విడిగా లొకేషన్ బ్లాకు రాసి 'యాడ్_హెడర్ లింక్' తర్వాత ఒంటి కోట్స్‌లో పై విలువ పెట్టండి. ఇక్కడ పేరుమోసిన ఉచ్చు ఒకటుంది. లొకేషన్ బ్లాకులో ఒక్క యాడ్_హెడర్ పెట్టినా, పైన సర్వర్ బ్లాకులో పెట్టిన యాడ్_హెడర్లన్నీ ఆ ఫైలుకి రద్దవుతాయి. భద్రత కోసం పెట్టుకున్న హెడర్లు మాయమయ్యాయని తర్వాతెప్పుడో తెలుస్తుంది. వాటిని కూడా లోపలి బ్లాకులో మళ్ళీ రాయండి.

షేర్డ్ హోస్టింగ్‌లో అపాచీ ఉంటే '.హెచ్‌టీయాక్సెస్'లో 'ఫైల్స్' బ్లాకు పెట్టి 'హెడర్ సెట్ లింక్' రాయాలి. మాడ్_హెడర్స్ ఆన్‌లో ఉండాలి. గిట్‌హబ్ పేజెస్‌లో సొంత హెడర్లు పెట్టే వీల్లేదు. నెట్‌లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అయితే '_హెడర్స్' అనే ఫైల్లో రాసుకోవచ్చు.

పెట్టాక బయటి నుంచి పరీక్షించండి. కర్ల్ అనే కమాండ్‌కి పెద్ద 'ఐ' ఆప్షన్ ఇచ్చి మీ ఫీడ్ చిరునామా పెడితే హెడర్లు మాత్రమే వస్తాయి. వాటిలో లింక్ లైను, చార్‌సెట్ రెండూ కనబడాలి. బ్రౌజర్లో చూసి బాగుందనుకోకండి, అది పాత కాపీ చూపిస్తుంటుంది.

వెళ్ళి తట్టడం

వేణు వైపు పని ఇది. వరస తప్పకూడదు.

మొదట ఫైలు సర్వర్‌కి ఎక్కించండి. ఎక్కిందో లేదో బయటి నుంచి ఒకసారి తెచ్చి చూడండి. కబురు ముందు వెళ్ళి ఫైలు వెనక వస్తే, లలిత సర్వర్ వచ్చి చూసేసరికి పిలుపు ఉండదు, అబద్ధమని కొట్టేస్తుంది. మధ్యలో సీడీఎన్ (మీ ఫైళ్ళ కాపీలు దాచి అందించే సర్వీసు) ఉంటే ఆ ఫైలుకి క్యాష్ కాలాన్ని నిమిషానికి తగ్గించండి.

తర్వాత కొత్త లైన్లలో మాత్రమే '@<' నుంచి '>' వరకు ఉన్నవి ఏరండి. ఫైలంతా ఏరితే ప్రతిసారీ మూడేళ్ళ నాటి పిలుపులకి కూడా మళ్ళీ తట్టినట్టవుతుంది. పంపినవి గుర్తుంచుకోవడానికి చిన్న ఎస్‌క్యూలైట్ పట్టిక చాలు, అందులో లైను సమయం, టార్గెట్ చిరునామా, వచ్చిన జవాబు.

ఒక్కో చిరునామాకీ తలుపు వెతకండి. ముందు హెడ్ రిక్వెస్ట్ (హెడర్లు మాత్రమే అడగడం), అది పనిచేయకపోతే గెట్ (ఫైలంతా అడగడం). రీడైరెక్ట్ ఉంటే వెంట వెళ్ళాలి. లింక్ హెడర్లు ఒకటికి మించి ఉండొచ్చు, ఒకే హెడర్లో కామాలతో నాలుగు లింకులూ ఉండొచ్చు, రెల్‌లో వెబ్‌మెన్షన్‌తో పాటు ఇంకో పదమూ ఉండొచ్చు. తలుపు చిరునామా '/వెబ్‌మెన్షన్' అని సగమే రాసి ఉంటే రీడైరెక్ట్ అయ్యాక చేరిన చిరునామాని ఆధారంగా తీసుకుని పూర్తి చేయాలి. అందులో ప్రశ్నార్థకం తర్వాత ఏమైనా ఉంటే అదీ అలాగే ఉంచాలి. ఇవన్నీ చేత్తో రాసుకునే బదులు మీ భాషలో ఉన్న లైబ్రరీ వాడితే మేలు. సొంతంగా రాయాలని పట్టుదల ఉంటే వెబ్‌మెన్షన్ డాట్ రాక్స్ అనే పరీక్షల సైటు మీద నడపండి. ఈ వంకరలన్నీ ఒక్కొక్కటిగా అక్కడ పెట్టి ఉంచారు.

ఇక పంపడం. ఫామ్ రూపంలో రెండే విలువలు పోస్ట్ చేయాలి: 'సోర్స్' అంటే పిలుపు ఉన్న చోటు, 'టార్గెట్' అంటే పిలవబడిన ఫీడ్.

ఇక్కడే ట్విటెక్స్ట్‌కి ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. వెబ్‌మెన్షన్ తీసుకునే ప్రోగ్రాములు సోర్స్, టార్గెట్ జతని ఒకే కబురుగా లెక్కిస్తాయి. అదే జత మళ్ళీ వస్తే పాతది మారిందనుకుంటాయి. వేణు పోస్టులన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి కాబట్టి, మొదటి పిలుపుకి లలిత ఫోను మోగుతుంది, రెండోసారి నుంచి మోగదు. మొదటిసారి పరీక్షించి పనిచేసిందని సంబరపడేవాళ్ళకి వారం తర్వాత ఎదురయ్యే సమస్య ఇది.

విరుగుడు: సోర్స్ చివర '#' పెట్టి ఆ లైను సమయం తగిలించండి. '#' తర్వాతి భాగం ఫైలు తెచ్చేటప్పుడు సర్వర్‌కి వెళ్ళదు కనుక దీని సంగతి తెలియని ప్రోగ్రాములకీ ఇబ్బంది ఉండదు, కానీ ప్రతి పిలుపూ వేరే సోర్స్ అవుతుంది. అయితే ఫామ్ డేటాలో '+' అంటే ఖాళీ అని అర్థం. '+05:30' అని నేరుగా పంపితే అవతల ' 05:30' అని దిగుతుంది, లైను దొరకదు. '+'ని %2బీ అనీ, '#'ని %23 అనీ మార్చి పంపాలి. కర్ల్ అయితే మామూలు 'డేటా' ఆప్షన్ బదులు 'డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్' వాడితే తనే మారుస్తుంది:

కర్ల్ -ఐ --డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్ "సోర్స్=వేణు ఫీడ్ చిరునామా#సమయం" --డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్ "టార్గెట్=లలిత ఫీడ్ చిరునామా" తలుపు చిరునామా

(ఈ 'ఐ' చిన్నది.) జవాబు 200, 201, 202లలో ఏదైనా మంచిదే. 202 అంటే 'తీసుకున్నాం, తీరిగ్గా చూస్తాం' అని. 201తో పాటు లొకేషన్ హెడర్ వస్తుంది, తర్వాత ఏమైందో అక్కడ చూడొచ్చు. 400 వస్తే మీ వైపు తప్పుంది, మళ్ళీ మళ్ళీ పంపకండి. 500లు వచ్చినా, జవాబే రాకపోయినా నిమిషం, పది నిమిషాలు, గంట, రోజు, ఇలా ఎడం పెంచుతూ నాలుగుసార్లు చూసి వదిలేయండి. ఒకే పోస్టులో పదిమందిని పిలిస్తే ఒక్కొక్కరికీ మధ్య కొన్ని సెకన్లు ఆగి పంపడం మర్యాద.

వచ్చిన కబురు నిజమేనా

ఇప్పుడు లలిత వైపు. తలుపు దగ్గర ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు, నమ్మేముందు వెళ్ళి చూడాల్సిందే. తలుపు దగ్గర కూర్చునే ప్రోగ్రాం మాత్రం తేలిగ్గా ఉండాలి. పోస్ట్ మాత్రమే తీసుకోవాలి. సోర్స్, టార్గెట్ రెండూ హెచ్‌టీటీపీ చిరునామాలేనా, రెండూ ఒకటి కాదుకదా, టార్గెట్ నిజంగా మీ ఫీడేనా అని చూసి, వరసలో పెట్టి 202 చెప్పి పంపేయాలి. అక్కడే నిలబెట్టి సోర్స్ తెచ్చి పరిశీలిస్తే, వందమంది ఒకేసారి తట్టినప్పుడు సర్వర్ కూలబడుతుంది. ఎన్జినెక్స్‌లో 'లిమిట్_రెక్'తో ఒక ఐపీకి నిమిషానికి 10 చాలు. హద్దు దాటినవాళ్ళకి మామూలుగా 503 వెళ్తుంది, దాన్ని 429కి మార్చుకోండి.

వెనక పనిచేసే ప్రోగ్రాం వరసలోంచి ఒక్కొక్కటీ తీసి సోర్స్ తెస్తుంది. తెచ్చేటప్పుడు హద్దులు పెట్టాలి. సమయం 5 సెకన్లు, పరిమాణం 1 ఎంబీ, రీడైరెక్ట్‌లు 20 లోపు. సమయం, పరిమాణం అంకెలు ప్రమాణపత్రంలో ఉదాహరణగా చెప్పినవే, మనకీ సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యమైన కాపలా ఇంకొకటి. సోర్స్‌గా ఎవరైనా 127.0.0.1 అనో, 192.168తో మొదలయ్యేదో, 169.254.169.254 అనో ఇస్తే మీ ప్రోగ్రాం మీ ఇంట్లోనే దొంగతనానికి వెళ్ళినట్టు. ఆ చివరిది క్లౌడ్ సర్వర్ల లోపలి రహస్యాలు చెప్పే చిరునామా. డొమైను పేరు చూసి కాదు, అది ఏ ఐపీకి దారితీస్తుందో చూసి ఆపాలి. ప్రతి రీడైరెక్ట్ దగ్గరా మళ్ళీ చూడాలి.

ఫైలు వచ్చాక అందులో మీ చిరునామా ఉందో లేదో వెతకాలి. టెక్స్ట్ ఫైలుకి ప్రమాణం చెప్పేది ఒట్టి పదం వెతుకులాటే. దాన్ని అలాగే పాటిస్తే మోసపోతారు. చాలామంది ఫైలు పైన '# ఫాలో = లలిత ...' అని తాము చదివేవాళ్ళ జాబితా పెడతారు, మీ చిరునామా అక్కడా ఉంటుంది. ఎవరూ పిలవకపోయినా పిలిచినట్టు తేలుతుంది. '#'తో మొదలయ్యే లైన్లన్నీ వదిలేసి, మిగిలినవాటిలో '@<' '>' మధ్య మాత్రమే వెతకండి. సోర్స్‌లో '#' తర్వాత సమయం ఉంటే ఆ లైను ఒక్కటే చూడండి.

1 ఎంబీ హద్దు తెలుగు ఫీడ్‌కి అనుకున్నదానికంటే ముందే వస్తుంది. అక్షరానికి మూడు బైట్లు చొప్పున మూడున్నర లక్షల గుర్తుల్లోపే నిండిపోతుంది, గుణింతాలూ పొల్లులూ కూడా అందులో లెక్కే. కొత్త లైన్లు ఫైలు చివర చేరుతుంటే, మొదటి 1 ఎంబీ చదివి ఆగిపోయే సర్వర్‌కి కొత్త పిలుపు ఎప్పటికీ కనపడదు. ఏడాదికోసారి పాత లైన్లని వేరే ఫైలుకి మార్చేయండి.

ఫోను మోగించడం

పిలుపు నిజమని తేలాక దాన్ని ఫోనుకి చేర్చడం తేలిక. ఎన్‌టీఎఫ్‌వై అనే ఓపెన్ సోర్స్ సర్వీసులో ఒక టాపిక్ పేరు పెట్టుకుని, ఫోన్లో యాప్‌లో దానికి చందా కట్టి (డబ్బులేం అక్కర్లేదు), మీ ప్రోగ్రాం నుంచి ఆ టాపిక్‌కి టెక్స్ట్ పోస్ట్ చేయడమే. టాపిక్ పేరు తెలిసిన ఎవరైనా చదవగలరు. 'లలిత' అని పెట్టకండి, ఊహకందని పొడుగాటి పేరు పెట్టండి. ఒక సందేశం హద్దు 4,096 బైట్లు, అంటే తెలుగులో సుమారు 1,365 గుర్తులు. ఆ లోపు కత్తిరించేటప్పుడు బైట్ల దగ్గర కోస్తే చివరి అక్షరం సగమై ప్రశ్నార్థకపు డైమండ్‌లా కనిపిస్తుంది, అక్షరాల దగ్గరే కోయండి. వచ్చిన మాటని ఎక్కడైనా వెబ్ పేజీలో చూపిస్తే హెచ్‌టీఎంఎల్ గుర్తుల్ని తప్పకుండా ఎస్కేప్ చేయండి. ఎవరు ఏం రాసి పంపుతారో తెలియదు.

అవతలివాళ్ళు మాస్టడాన్‌లోనో బ్లూస్కైలోనో ఉంటే

మాస్టడాన్ నడిచేది యాక్టివిటీపబ్ మీద (డబ్ల్యూ3సీ ప్రమాణం, 2018 జనవరి). మీ సొంత ప్రోగ్రాం అక్కడివాళ్ళని పిలవాలంటే వెబ్‌ఫింగర్ అనే వెతుకులాట పద్ధతితో మనిషిని (లలిత అనుకుందాం) వెతికి, ఆమె ఇన్‌బాక్స్‌కి సంతకం చేసిన సందేశం పోస్ట్ చేయాలి. అందులో 'టు' లేదా 'సీసీ'లో ఆమె ఉన్నంత మాత్రాన సరిపోదు. 'ట్యాగ్' జాబితాలో 'మెన్షన్' రకంగా ఆమె ఐడీ విడిగా ఉంటేనే నోటిఫికేషన్ మోగుతుంది. ట్యాగ్ లేకపోతే సందేశం చేరుతుంది కానీ చప్పుడుండదు. 'సంతకం తప్పు' అని 401 వస్తుంటే సంతకం కీ కంటే ముందు మీ సర్వర్ గడియారం చూడండి. తేదీ హెడర్ మరీ అటూ ఇటూ అయితే సంతకం చెల్లదు.

మాస్టడాన్‌లో చేత్తో రాసేవాళ్ళకి మాత్రం ఒకటే హెచ్చరిక: పేరుకి విభక్తి అతికించకండి. '@లలిత@సర్వర్.ఎగ్జాంపుల్‌కి' అని కలిపి రాస్తే డొమైన్లలో తెలుగు అక్షరాలు కూడా చెల్లుతాయి కనుక ఆ 'కి' డొమైన్‌లో భాగమైపోవచ్చు. అలాంటి సర్వర్ ఎక్కడా లేదు, పిలుపు గాల్లో కలుస్తుంది. పేరు తర్వాత ఖాళీ వదిలి 'కి' రాయండి. చూడ్డానికి బాగోదు, కానీ చేరుతుంది.

బ్లూస్కైలో తెలుగువాళ్ళు తప్పేది లెక్క. అక్కడ పోస్టులో '@' ఉంటే చాలదు, ఏ బైటు నుంచి ఏ బైటు వరకు పిలుపో, అది ఎవరి డీఐడీనో (ఖాతా గుర్తింపు) 'ఫాసెట్' అనే పట్టీలో విడిగా రాయాలి. లెక్క యూటీఎఫ్-8 బైట్లలో. 'నమస్తే @లలిత.ఎగ్జాంపుల్' తీసుకోండి. 'నమస్తే'లో గుర్తులు ఆరు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. ఆరు మూళ్ళు పద్దెనిమిది, ఖాళీ ఒకటి, మొత్తం 19. కాబట్టి మొదలు 19. '@'తో కలిపి ఆ పేరు ఇంగ్లిష్‌లో ('లలిత'లో హెచ్ లేకుండా రాస్తే) 15 అక్షరాలు, ముగింపు 34. జావాస్క్రిప్ట్‌లో 'లెంగ్త్' అడిగితే మొదలు 7 అని చెబుతుంది. ఏడో బైటు దగ్గరంటే 'స' అక్షరం కడుపులో. లింకు తప్పుచోట పడుతుంది, లేదా అసలు పడదు. వాక్యాన్ని ముందు టెక్స్ట్ ఎన్‌కోడర్‌తో బైట్లుగా మార్చి, ఆ బైట్ల పొడవు లెక్కపెట్టండి. ఇంగ్లిష్ వాక్యంతో పరీక్షిస్తే రెండు లెక్కలూ ఒకటే వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. పరీక్ష ఎప్పుడూ తెలుగు వాక్యంతోనే చేయండి.

అయినా మోగకపోతే

లలిత సర్వర్ లాగ్‌లో వరసగా రెండు లైన్లు వెతకండి. ఒకటి వేణు సర్వర్ నుంచి ఆమె ఫీడ్‌కి వచ్చిన హెడ్ లేదా గెట్, రెండోది వెబ్‌మెన్షన్ తలుపుకి వచ్చిన పోస్ట్. మొదటిదే లేకపోతే వేణు ఫైల్లో చిరునామా తప్పు, లేదా అతని ప్రోగ్రాం ఆ లైనుని కొత్తదిగా గుర్తించలేదు, ట్యాబ్ చూడమనండి. మొదటిది ఉండి రెండోది లేకపోతే లింక్ హెడర్ వెళ్ళడం లేదు. రెండూ ఉండి మోగకపోతే ఇప్పుడు వేణు లాగ్ చూడాలి, లలిత సర్వర్ తిరిగి వచ్చి అతని ఫైలు తెచ్చుకుందా అని. తెచ్చుకోకపోతే వరసలో పనిచేసే ప్రోగ్రాం పడుకుంది, సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో వెనక ప్రోగ్రాముల్ని నడిపేది) అది నడుస్తోందో లేదో చూడండి. తెచ్చుకుని 200 కూడా వచ్చిందంటే పోలిక దగ్గర పోయింది. రెండు చిరునామాల్నీ హెక్స్ రూపంలో పక్కపక్కన అచ్చేసి చూస్తే తేడా ఉన్న బైటు దొరుకుతుంది. చాలాసార్లు అది చివర్లో ఉన్న ఆ మూడు బైట్ల కనపడని తోకే.